గేటు కాడ మొదలయ్యే రూలు: మలబురద బండ్లు, మురుగుశుద్ధి కేంద్రం, లెక్కకు రాని మనిషి

విమర్శ అంటే కథలకూ కవితలకూ చేసేదే అన్న అలవాటు మనలో ఇంకా పోలేదు. ఒక నవలలో దళిత పాత్రను ఎట్లా చిత్రించారని పదేసి పేజీలు రాస్తాం. ఆ పాత్ర బతుకును రోజూ రాస్తున్న వేరే రచనలు ఉన్నాయి: ప్రభుత్వ ఉత్తర్వులు, టెండరు షరతులు, మున్సిపాలిటీ నియమావళులు. వీటి మీద రచయిత పేరు ఉండదు. వీటిని సమీక్షించేవాడూ ఉండడు. మా ఇంట్లో కాలేజీ చదువు నాతోనే మొదలైంది. మా నాయన తరానికి రూలు అంటే కౌంటరు అవతలి మనిషి మన కాగితాన్ని వెనక్కి నెట్టేటప్పుడు అనే మాట. ఆ మాట ఏ కాగితంలో, ఏ వాక్యంలో ఉందో వాళ్లు ఎన్నడూ చూడలేదు. చూడగలిగిన మనం చూడకపోతే ఈ చదువెందుకు?

ఇక్కడ నేను చదవదలచుకున్నది చాలా చిన్న రచన. సెప్టిక్ ట్యాంకుల నుంచి తోడిన మలబురదను ట్యాంకరు బండ్లలో తెచ్చి మున్సిపాలిటీ శుద్ధి కేంద్రంలో పోయడానికి పెట్టిన నియమాలు. ఇంగ్లీషు కాగితాల్లో ఆ బురద పేరు సెప్టేజ్. ఈ నియమాలు మన దేశంలో గత పదిపన్నెండేళ్లలో పుట్టుకొచ్చినవే. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2013 జనవరిలో ఒక సలహా పత్రం ఇచ్చింది. 2017 ఫిబ్రవరిలో జాతీయ విధానం వచ్చింది. అంతకన్నా ముందే, 2016లో, వరంగల్ నగరపాలక సంస్థ సొంత నియమాలు తెచ్చుకుంది, 2017లో రోజుకు 15 వేల లీటర్ల మలబురదను శుద్ధి చేసే కేంద్రాన్ని తెరిచింది. ఆ తర్వాత రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇటువంటి కేంద్రాలు వచ్చాయి.

ఎందుకొచ్చాయో తెలిసిందే. మన పట్టణాల్లో భూగర్భ డ్రైనేజీ లేని ఇళ్లే ఎక్కువ. 2014 అక్టోబరు 2న స్వచ్ఛ భారత్ మొదలయ్యాక కట్టిన మరుగుదొడ్లలో చాలా వాటి కింద ఉన్నది గుంతే, ట్యాంకే. మరుగుదొడ్డి కట్టినప్పుడు లబ్ధిదారుని నిలబెట్టి ఫోటో తీశారు. గుంత నిండినప్పుడు ఫోటో తీసేవాడు రాలేదు, బండివాడు వచ్చాడు. ఈ నియమాలు లేనప్పుడు ఆ బండి రాత్రిపూట చెరువు కట్ట మీదనో, వాగులోనో, ఊరి చివర పొలంలోనో గుమ్మరించి పోయేది. ఆ ఊరి చివర ఎవరి ఇళ్లుంటాయో ఈ పత్రిక పాఠకులకు నేను చెప్పనక్కరలేదు. కాబట్టి నియమాలు రావడం మంచిదే. నా పేచీ అవి ఉన్నందుకు కాదు. అవి ఎక్కడ మొదలవుతున్నాయి, ఎవర్ని గుర్తుపడుతున్నాయి అన్న దగ్గరే.

ఒక మధ్యరకం పట్టణంలో శుద్ధి కేంద్రం గేటు దగ్గర రిజిస్టరు చూశాను. గీతలు గీసి పదకొండు గడులు. తేదీ, వచ్చిన సమయం, బండి నంబరు, లైసెన్సు నంబరు, డ్రైవరు పేరు, ఇంటి యజమాని పేరు, చిరునామా, ఎన్ని లీటర్లు, రంగు-వాసన, పీహెచ్, సంతకం. గోడ మీద నియమాలు అంటించారు. లైసెన్సు లేని బండి 'అనుమతించబడదు'. పగటి వేళల్లో మాత్రమే బురద 'స్వీకరించబడును'. చూపించిన చోట మాత్రమే 'విడుదల చేయబడవలెను'. ఫ్యాక్టరీ వ్యర్థాలు, నూనె, జిడ్డు కలిసినట్టు తేలితే 'తిరస్కరించబడును'. కింద ఒలికితే 'శుభ్రపరచబడవలెను'.

ఈ 'బడు' సంగతి కొంచెం ఆగి చూడాలి. మన ఇళ్లలో ఎవరూ 'అన్నం తినబడింది' అనరు. తిన్నాడు అంటారు, తిన్నది అంటారు. తెలుగులో పని ఉంటే చేసే మనిషి ఉంటాడు. 'బడు' ఆఫీసు తెలుగు. అది వాక్యంలోంచి కర్తను తప్పిస్తుంది. ఒలికిన బురదను ఎవరు కడగాలి? 'శుభ్రపరచబడవలెను'. ఎవరి చేతుల్తో? వ్యాకరణం చెప్పదు. చెప్పకపోయినా అందరికీ తెలుసు. కులం పనిచేసే పద్ధతే అది. చెప్పకుండానే అందరికీ తెలిసిన విషయాన్ని రూలులో రాయాల్సిన అవసరం ఉండదు. డ్రైవరు కడగడు, గేటు దగ్గరి ఆపరేటరు కడగడు, ఇంజనీరు కడగడు. మిగిలింది ఎవరు?

మిగిలినవాడు హెల్పరు. బండి మీద ముగ్గురు వస్తే రిజిస్టరులోకి ఒక్క డ్రైవరే ఎక్కుతాడు. పైపు మోసేవాడికీ, మూత పగలగొట్టేవాడికీ, అవసరమైతే దిగేవాడికీ ఆ పదకొండు గడుల్లో చోటు లేదు.

మరి రూలు ఇంత జాగ్రత్తగా ఎవరికోసం రాశారు? దీనికి జవాబు ఇంజనీరింగు పుస్తకాల్లో సూటిగానే దొరుకుతుంది. మురుగుశుద్ధి కేంద్రంలో అసలు పని చేసేది సూక్ష్మజీవులు. గాలి పంపించి, కోట్ల కొద్దీ బ్యాక్టీరియాను పెంచి, అవి మలినాన్ని తినేలా చేస్తారు. వాటి ప్రాణం సున్నితం. పీహెచ్ మరీ తగ్గినా మరీ పెరిగినా చస్తాయి. ఫ్యాక్టరీ రసాయనం ఒక ట్యాంకరెడు పడితే చస్తాయి. మలబురద మామూలు మురుగుకన్నా ఎన్నో రెట్లు చిక్కన. అమెరికా పర్యావరణ సంస్థ 1980ల నాటి పట్టికల ప్రకారం, ఆ బురద బీఓడీ లీటరుకు సగటున 6 వేల మిల్లీగ్రాములు దాటుతుంది. ఇళ్ల నుంచి కాలువలో వచ్చే మురుగులో అది రెండు మూడు వందలే. అందుకే నాలుగు బండ్లు ఒకేసారి గుమ్మరిస్తే కేంద్రం తట్టుకోలేదు, బ్యాక్టీరియాకు ఊపిరాడదు. వేళలు పెట్టింది, లీటర్లు లెక్కగట్టింది, పీహెచ్ చూసేది ఇందుకే.

అంటే ఊపిరాడకపోవడం అనే మాట ఈ నియమాలకు తెలియనిది కాదు. ట్యాంకులోని బ్యాక్టీరియాకు ఆక్సిజన్ ఎంత ఉండాలో మిల్లీగ్రాముల్లో లెక్క ఉంది. గుంతలో దిగే మనిషికి ఎంత ఉండాలో గేటు దగ్గర అంటించిన కాగితంలో లేదు.

ఈ మాటంటే ఇంజనీరు మిత్రులు ఒక సమాధానం చెబుతారు. అది కొట్టిపారేయాల్సింది కాదు. 'ఇది కేంద్రానికి సంబంధించిన రూలు. బండి గేటులోకి వచ్చాక ఏం జరగాలో చెబుతుంది. ఎవరింట్లోనో గుంత దగ్గర ఏం జరిగిందో మా పరిధి కాదు' అంటారు. నిజమా? మళ్లీ రిజిస్టరు చూడండి. ఇంటి యజమాని పేరు ఎందుకు? చిరునామా ఎందుకు? బండికి జీపీఎస్ ఎందుకు? ఫ్యాక్టరీ వ్యర్థం దొంగతనంగా వస్తే అది ఏ వాకిలి నుంచి వచ్చిందో పట్టుకోవడానికి. బ్యాక్టీరియాను కాపాడాలనుకున్నప్పుడు రూలు గేటు దాటి, రోడ్డు దాటి, సందు దాటి, ఆ ఇంటి గుంత మూత దాకా పోగలిగింది. మలం వెంట అంత దూరం పోగలిగిన రూలు, ఆ మూత దగ్గర నిలబడ్డ మనిషిని చూసి వెనక్కి తిరిగింది. పరిధి చాలక కాదు, ఆ మనిషిని చూడాలన్న ఇచ్ఛ లేక.

ఇప్పుడు ఆ గుంత దగ్గరికే పోదాం. సెప్టిక్ ట్యాంకును రెండు మూడేళ్లకోసారి తోడించాలని ప్రభుత్వ పత్రాలు చెబుతాయి. మన ఇళ్లలో నీళ్లు ఎదురుతన్నేదాకా ఎవరూ బండిని పిలవరు. పది పన్నెండేళ్లకు పిలిచే ఇళ్లు బోలెడు. ఈలోగా అడుగున పేరుకున్నది బురదగా ఉండదు, గట్టిపడి మట్టిగడ్డలా అవుతుంది. ఇసుక, గుడ్డపేలికలు, ప్లాస్టిక్, ప్యాడ్లు అందులో కలుస్తాయి. పంపు పీల్చగలిగేది పలచని పదార్థాన్నే. నియమాల్లోని లీటర్లు, ట్రిప్పులు అన్నీ ఆ పలచని బురదను ఊహించుకుని రాసినవి.

రిజిస్టరు చూసిన రోజే ఒక బండి మీది హెల్పరన్నతో మాట్లాడాను. నలభై దాటిన మనిషి. 'తమ్మీ, పైపు గుంజినంత సేపు మిషిన్ పని. గుంజుడు బంద్ అయినంక మా పని. కింద గట్టివడ్డది పైపుల కెల్లి రాదు. నీళ్లు కొట్టి, గడ్డపారతోని పొడిచి, కలిపి, మళ్ల పైపు వెట్టాలె. పైనుంచి కట్టె అందకపోతె దిగుడే' అన్నాడు. దిగొద్దని రూలుంది గదా అన్నా అని అడిగితే నవ్వి, 'రూలు గేటు కాడ ఉన్నది. గుంత ఆళ్లింట్ల ఉన్నది' అన్నాడు. ఈ వ్యాసానికి నేను పెట్టిన పేరు ఆయన ఇచ్చిందే.

ఇంకో మాట కూడా ఆయనే చెప్పాడు. ఇంటివాళ్లు అడుగు కనబడేదాకా కడగమంటారట. పైసలిచ్చినం గదా, సాఫ్ చెయ్యరా అంటారట. నిజానికి అడుగంటా కడగాల్సిన పనే లేదు. సెప్టిక్ ట్యాంకుల మీద భారత ప్రమాణాల సంస్థ 1985లో సవరించిన ప్రమాణం, కనీసం 25 మిల్లీమీటర్ల మందాన పాత బురదను అడుగున వదిలేయమంటుంది. కొత్త మలాన్ని కుళ్లబెట్టడానికి అది తోడులాంటిది, పాలకు మజ్జిగ చుక్కలాగ. అంటే ఇంజనీరింగు శాస్త్రం ఆ మనిషిని దిగమనడం లేదు. దిగమంటున్నది ఆ ఇంటివాళ్ల శుచి. తమ మలమే అయినా తమ ఇంటి కింద ఒక వేలెడు మందాన కూడా ఉండకూడదనే మడి. దాన్ని తీర్చడానికి ఇంకొకడి ఊపిరితిత్తులు కావాలి.

ఆ గుంతలో ఏముంటుందో పాఠ్యపుస్తకంలా చెప్పాలి, ఎందుకంటే ఇది ప్రమాదవశాత్తు జరిగేది కాదు. గాలి తగలని మలం కుళ్లితే మీథేన్, హైడ్రోజన్ సల్ఫైడ్ పుడతాయి. రెండోది గాలికన్నా బరువు, అడుగున నిలుస్తుంది. తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. మోతాదు పెరిగితే ముక్కు పని చేయడం మానేస్తుంది, కంపే తెలియదు. గట్టి అడుగును గడ్డపారతో పొడిచినప్పుడు అందులో చిక్కుకున్న వాయువు ఒక్కసారి బయటికొస్తుంది. నాలుగు శ్వాసల్లో మనిషి పడిపోతాడు. వాణ్ని లాగడానికి ఇంకొకడు దిగుతాడు, అతనూ పడిపోతాడు. మన పత్రికల్లో ఈ వార్తలు చదవండి, చాలాసార్లు చనిపోయినవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు. అన్నదమ్ములో, మామా అల్లుళ్లో అయి ఉంటారు. పని కులంలోనే, చుట్టరికంలోనే తిరుగుతుంది కాబట్టి చావు కూడా అట్లాగే తిరుగుతుంది.

బండ్లలో తెచ్చే వ్యర్థానికి రూలు అనేది మనం కనిపెట్టింది కాదు. అమెరికాలో 1990లో చేర్చిన ఒక కేంద్ర నిబంధన ప్రకారం ట్రక్కుల్లో తెచ్చే వ్యర్థాన్ని శుద్ధి కేంద్రం చూపించిన చోట తప్ప ఎక్కడా పోయరాదు. అక్కడి మున్సిపాలిటీల పర్మిట్లు, రసీదులు, శాంపిళ్లు అన్నీ దాని చుట్టూ అల్లుకున్నవే. ఆ రూలు కూడా కార్మికుడి గురించి ఏమీ చెప్పదు. కానీ 1993లో అక్కడి కార్మిక భద్రతా సంస్థ ఇరుకు చోట్లలో దిగే పనికి వేరే నిబంధన పెట్టింది. దిగేముందు గాలి పరీక్ష చెయ్యాలి, రాతపూర్వక అనుమతి ఉండాలి, పైన ఒక మనిషి కాపలా ఉండాలి, రక్షించే ఏర్పాటు సిద్ధంగా ఉండాలి. అక్కడ అంతా బాగుందని నేననను. అక్కడ కూడా ఇటువంటి చావులున్నాయి. కానీ మలం కోసం ఒక రూలు, మనిషి కోసం ఇంకో రూలు పక్కపక్కన నడుస్తాయి కాబట్టి మొదటిది మౌనంగా ఉన్నా కొంత చెల్లుతుంది. అక్కడ ఆ పనిలో పుట్టే కులం అంటూ లేదు కూడా. ఇక్కడ ఆ మౌనంలో కులం వచ్చి కూర్చుంటుంది.

మనకూ రెండో చట్టం ఉంది కదా అంటారు. ఉంది. 1993 చట్టం ఒకటి, దానికి తీర్మానం చేసి ముందు నిలబడ్డ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అది కాగితం మీద పడి ఉంటే సఫాయి కర్మచారి ఆందోళన్, బెజవాడ విల్సన్, ఎస్.ఆర్. శంకరన్ వంటివాళ్లు దాన్ని పట్టుకుని పాయిఖానాలు కూలగొట్టారు, కోర్టుకెక్కారు. ఆ ఒత్తిడితో వచ్చిన 2013 చట్టం అదే ఏడాది డిసెంబరు 6న, బాబాసాహెబ్ వర్ధంతి రోజున, అమల్లోకి వచ్చింది. సెప్టిక్ ట్యాంకును ప్రమాదకరంగా శుభ్రం చేయించడం నేరం. మొదటిసారికి రెండేళ్ల దాకా జైలు లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

ఈ చట్టాన్ని కూడా రచనగానే చదవాలి. 'ప్రమాదకరంగా శుభ్రం చేయడం' అంటే ఏమిటి? యజమాని రక్షణ సామగ్రి ఇవ్వకుండా, జాగ్రత్తలు పాటించకుండా మనిషితో చేయించడం. ఇస్తే? ఇస్తే అది ప్రమాదకరం కాదు. ప్రభుత్వం ప్రకటించిన పరికరాలతో, రక్షణ సామగ్రితో మలం ఎత్తేవాణ్ని పాకీ పనివాడిగా పరిగణించరాదని నిర్వచనం కిందే వివరణ ఇచ్చారు. రబ్బరు తొడుగు వేస్తే ఆ మనిషి ఆ పనివాడు కాకుండా పోతాడు! చేతి తొడుగులో ఇంత మహత్యం ఉందని మన తాతలకు తెలియదు. చట్టం కింది నియమాల్లో నలభైకి పైగా సామగ్రి పేర్లున్నాయి. అదే నియమాల్లో మనిషిని మురుగు కాలువలోకి దించడానికి మినహాయింపులూ ఉన్నాయి. చివరిది అన్నిటికన్నా విశాలం: తప్పనిసరి అయితే, స్థానిక సంస్థ అధికారి కారణాలు రాసి అనుమతించవచ్చు. తప్పనిసరి అని తేల్చేది దిగేవాడు కాదు.

ఇక్కడ ఒక పాలనా రహస్యం ఉంది. మలబురద పట్టణ వ్యవహారాల శాఖది. అది ఎత్తే మనిషి సామాజిక న్యాయ శాఖవాడు. ఒకే గుంత దగ్గర నిలబడ్డ ఇద్దరికి రెండు ఢిల్లీ భవనాలు. 2017 జాతీయ విధానంలో 2013 చట్టం ప్రస్తావన లేకపోలేదు. అది ఢిల్లీ నుంచి రాష్ట్రానికీ, రాష్ట్రం నుంచి పట్టణానికీ దిగి, గేటు గోడ మీదికి చేరేసరికి 'సిబ్బంది తగిన రక్షణ సామగ్రి ధరించవలెను' అనే ఒక్క వాక్యమై మిగులుతుంది. తగినది అంటే ఏది? ఎవరు కొనాలి? వేసుకోకపోతే బండిని వెనక్కి పంపుతారా? పీహెచ్ తేడా వస్తే పంపుతారు. తొడుగు లేకపోతే పంపిన బండిని నేను చూడలేదు.

రెండు శాఖలూ కలిసి 2023లో ఒక పథకం తెచ్చాయి. పేరు 'నమస్తే'. పేరు పెట్టడంలో మనవాళ్లకు లోటు లేదు. 2020లో 'సఫాయి మిత్ర' అన్నారు, మ్యాన్‌హోల్‌ను ఇకమీదట 'మెషీన్‌హోల్' అనాలన్నారు. పూర్వం ఒకాయన హరిజన్ అన్నాడు. పేరు మారిన ప్రతిసారీ మనిషి అక్కడే ఉన్నాడు. అయితే నమస్తే పథకం ఒక మేలు చేసింది: లెక్క తీసింది. 2024 నాటికి 29 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో గుర్తించిన సుమారు 38 వేల మంది మురుగు కాలువల, సెప్టిక్ ట్యాంకుల పనివాళ్లలో 68.9 శాతం ఎస్సీలు, 14.7 శాతం బీసీలు, 8.3 శాతం ఎస్టీలు. మిగతావాళ్లు ఎనిమిది శాతం. 2019 నుంచి 2023 దాకా మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకుల్లో 377 మంది చనిపోయారని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. ఇవి సర్కారు ఒప్పుకున్నవి.

కోర్టులు మాట్లాడకపోలేదు. 2014 మార్చిలో సుప్రీంకోర్టు ఒక్కో చావుకు 10 లక్షలు ఇవ్వమంది. 2023 అక్టోబరు 20న దాన్ని 30 లక్షలు చేసింది. 2025 జనవరిలో హైదరాబాదుతో సహా ఆరు మహానగరాల్లో మనిషిని దించడం ఆపమంది. ఈ మూడు తీర్పుల మధ్యలోనే, 2021 ఆగస్టులో, హైదరాబాద్ సాహెబ్‌నగర్‌లో ఇద్దరు కాంట్రాక్టు కూలీలు రాత్రిపూట మ్యాన్‌హోల్‌లో చనిపోయారు. చావుకు రేటు పెరుగుతూ వచ్చింది. గేటు దగ్గరి రిజిస్టరులో గడి మాత్రం పెరగలేదు.

శుద్ధి కేంద్రం లోపలి కథ ఇంకా విచిత్రం. బురదను ఆరబెడతారు, కొన్నిచోట్ల కాలుస్తారు. చివరికి వచ్చేదాన్ని ఎరువుగా రైతులకు ఇవ్వవచ్చు. దానికి పరీక్షలున్నాయి. అమెరికా 1993 ప్రమాణం ప్రకారం మేలురకం అనిపించుకోవాలంటే గ్రాముకు మల సూక్ష్మజీవులు వెయ్యిలోపు ఉండాలి. పాస్ అయితే సర్టిఫికెటు. నిన్నటిదాకా ముక్కు మూసుకున్న పదార్థం ఇవాళ బస్తాలో ఎరువు, రేపు రెడ్డిగారి పొలంలో బంగారం. మలం మైల పోతుంది. ఎన్ని రోజుల్లో, ఎన్ని డిగ్రీల వేడిలో పోతుందో కూడా రాసి ఉంది. దాన్ని మోసినవాడి అంటు పోవడానికి ఎన్ని తరాలు పడుతుందో ఏ ప్రమాణంలో ఉంది? ఆ హెల్పరన్న తాగిన గ్లాసును టీ కొట్టువాడు విడిగా పెట్టడం నేను అదే రోజు, అదే గేటు ఎదురుగా చూశాను.

మన వైపు కూడా కొన్ని మాటలు మాట్లాడుకోవాలి. 2017లో హైదరాబాద్ జలమండలి దళిత పారిశ్రామికవేత్తల సంస్థ డిక్కీతో కలిసి 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను దళిత యువకుల చేతికిచ్చింది. ఇరుకు సందుల్లోకి పోగల బండ్లు అవి. దీన్ని కొందరు మిత్రులు విముక్తి అన్నారు, కొందరు కొత్త సీసాలో పాత పని అన్నారు. రెండూ తొందరపాటే అని నా అభిప్రాయం. బండికి ఓనరు కావడం, ఈఎంఐ కట్టుకుని మిగిలింది ఇంటికి తెచ్చుకోవడం చిన్న విషయం కాదు, దాన్ని కులపు పని అని విశ్వవిద్యాలయం గదిలో కూర్చుని తోసిపుచ్చే హక్కు నాకు లేదు. కానీ ఒక ప్రశ్న మిగులుతుంది. రాష్ట్రానికి దళితుడు పారిశ్రామికవేత్తగా గుర్తుకొచ్చేది మలం దగ్గరే ఎందుకు? ఇంకోటి. ఓనరు మనవాడే అయినా హెల్పరుకు గడి రిజిస్టరులో లేకపోతే, గుంత దగ్గర జరిగేది మారుతుందా? మనవాడే వాణ్ని దిగమంటే?

ఇంకో చేదు సంగతి. ఈ పనిలో ఉన్న రెల్లి, మెహతర్ కులాల గొంతు మన పత్రికల్లో ఎంత వినపడింది? వర్గీకరణ వాదనల్లో ఏ గ్రూపు అని, రెల్లి ఉపకులాలకు ఒక శాతం అని లెక్కల్లో చెప్పుకున్నాం. మాల మాదిగ వాదోపవాదాలకు వందల పేజీలు కేటాయించాం. అవి అవసరమైనవే. రెల్లి ఇంటి పిల్ల తన తండ్రి దిగిన గుంత గురించి రాసిన పేజీ ఎక్కడుంది? పట్టణ పారిశుధ్యం మీద పరిశోధనలన్నీ ఇంజనీరింగు కళాశాలల్లో, మేనేజిమెంటు సంస్థల్లో జరుగుతున్నాయి. కులం మీద పరిశోధనలు సామాజిక శాస్త్రాల్లో జరుగుతున్నాయి. మంత్రిత్వశాఖల్లో ఉన్న చీలికే మన థీసిస్‌లలోనూ ఉంది.

ఏం మారాలి? నేను పెద్ద విప్లవం అడగడం లేదు, గడులు అడుగుతున్నాను. బండి మీద వచ్చిన ప్రతి మనిషి పేరూ రిజిస్టరులో ఉండాలి. ఈ ఇంటి ట్యాంకు ఇంతకుముందు ఎప్పుడు తోడారన్న గడి ఉండాలి. అయిదేళ్లు దాటితే అడుగు గట్టిపడి ఉంటుందని ముందే తెలుస్తుంది. అటువంటి ఇంటికి ఒక్క ట్రిప్పు ధర కాక, నీళ్లు కొట్టి నానబెట్టి రెండో రోజు మళ్లీ రావడానికి ధర నిర్ణయించాలి. రెండో ట్రిప్పుకు పైసలు లేకపోవడమే మనిషి దిగడానికి అసలు కారణం. గుంతలోకి ఎవరైనా దిగారా, అవునా కాదా అన్న గడి ఉండాలి. అవునంటే ఆ కాగితం నేరుగా జిల్లా విజిలెన్స్ కమిటీకి పోవాలి. అడుగంటా కడగమన్న ఇంటి యజమానికి నోటీసు పోవాలి, ఎందుకంటే చట్టంలో 'చేయించినవాడు' అంటే ఓనరు ఒక్కడే కాదు. దిగనన్న హెల్పరుకు ఆ రోజు కూలి పోకూడదని లైసెన్సు షరతుల్లోనే రాయాలి. పీహెచ్ సరిలేకుంటే బండిని వెనక్కి పంపే అధికారం గేటు ఆపరేటరుకు ఉంది. తొడుగు, గాలి పరీక్ష యంత్రం, తాడు లేని బండిని పంపే అధికారం కూడా అదే మనిషికి, అదే వాక్యంలో ఇవ్వాలి. 'బడు' లేకుండా.

ఇవన్నీ పట్టణ పాలకవర్గం ఒక తీర్మానంతో చేయగలిగినవి. అందుకు ఢిల్లీ అనుమతి అక్కర్లేదు. కాబట్టి జిల్లాల్లో ఉన్న విద్యార్థి, ఉపాధ్యాయ మిత్రులు ముందుగా చేయాల్సింది మీ పట్టణపు నియమావళిని, మలబురద ట్యాంకర్ల లైసెన్సు షరతులను, గేటు రిజిస్టరులో గత ఏడాది పేజీలను సమాచార హక్కు చట్టం కింద అడగడం. దరఖాస్తులో లీటర్ల లెక్కతో పాటు ఇవి కూడా అడగండి: బండ్ల మీద పనిచేసే హెల్పర్ల జాబితా, వాళ్లకు బీమా ఉందా లేదా, నమస్తే సర్వేలో వాళ్ల పేర్లు ఎక్కాయా లేదా, జిల్లా విజిలెన్స్ కమిటీ చివరిసారి ఎప్పుడు కూర్చుంది. జాబితా లేదని జవాబు వస్తే ఆ జవాబును జాగ్రత్తగా దాచండి. రేపు ఎవరైనా చనిపోయినప్పుడు ఆ మనిషి మా పనివాడు కాదని మొదట చెప్పేది ఆ ఆఫీసే.

రిజిస్టరు పేజీలు దొరికితే జిరాక్సులు ఈ పత్రికకు పంపండి. పది పట్టణాలవి పక్కపక్కన పెట్టి చదువుదాం.